చొక్కాల మీది పేర్లు

ఇవాళ నిరుద్యోగుల ఆఫీసుకి వెళ్ళొచ్చాను. జపాన్ నుంచి దిగుమతైన కార్ల దెబ్బకి మా ఊరి కార్ల ఫ్యాక్టరీ మూతపడింది. దాంతో ఆ కార్మికుల చొక్కాలు ఉతికే మా లాండ్రీ కూడా మూసేశారు. దిగుమతుల వల్ల పని పోయినవాళ్ళకి ప్రభుత్వం సాయం చేస్తుందంటే నేనూ వరసలో నిలబడ్డాను.

అక్కడ పిలుస్తున్న పేర్లన్నీ నాకు తెలిసినవే. జేబు మీద కుట్టిన ఆ పేర్లు చూసే ఏళ్ళ తరబడి చొక్కాలు సర్దాను. ముఖాలు మాత్రం ఇవాళే చూశాను.

నా వంతు వచ్చింది.

"మీరేం తయారు చేసేవారు?" అని అడిగింది కౌంటర్లో అమ్మాయి.

"చొక్కాలు ఉతికేవాణ్ణమ్మా."

"అది సర్వీస్ అండీ. వస్తువు తయారు చేసినవాళ్ళకే ఈ సాయం. సారీ."

వెనకాల నిలబడ్డ పొడుగాటి మనిషి విన్నాడు. "నా పేరు ఎడ్డీ. ఊడిన నా బొత్తాలు కుట్టింది నువ్వేనా పెద్దాయనా?" అన్నాడు.

"నేనే. నీ చొక్కా ఎడమ మోచేతి దగ్గరి గ్రీజు మరక ఎన్నడూ వదల్లేదయ్యా."

నవ్వి, చెయ్యి కలిపాడు. అంతలో అతన్ని లోపలికి పిలిచారు. అతని కోసం బయట కాసేపు ఆగాను. అతను స్నేహితులతో వచ్చి, కారెక్కి వెళ్ళిపోయాడు.

నేను ఉతక్కపోతే, మురికి చొక్కాలతోనే కార్లు తయారు చేసేవారా? మీరే చెప్పండి. రేపటి నుంచి ఉతకడానికి నాకు నా చొక్కా ఒక్కటే ఉంది.