అశోక్‌నగర్ మామిడిచెట్టు మీద కొండపిట్ట

తొంభైలలో ఒక మార్చి నెల. మా అక్కకు చెవులు మందగిస్తున్నాయి, సన్నని శబ్దాలే ముందు పోతాయని డాక్టరు చెప్పాడు. అక్క ఆదిలాబాద్ కొండల్లో టీచరుగా ఉన్నప్పుడు బడి కిటికీ దగ్గర నీలి ఈగపిట్ట పాడేదట. పైన నీలం, రొమ్ము నారింజ రంగు, గుప్పిట్లో పట్టే ప్రాణం. ఆ పాట పూర్తిగా దూరమయ్యేలోగా ఒక్కసారి వినాలని అక్క పట్టు. కొండలెక్కడానికి ఇద్దరికీ సెలవు లేదు. ఇంతలో ఆ పిట్ట అశోక్‌నగర్‌లో ఒకరి పెరట్లోకి వచ్చిందని తెలిసింది. నాకు నమ్మకం లేదు గానీ, అక్క మాటకు ఎదురు చెప్పి గెలిచినవాడు మా ఇంట్లో లేడు.

నారాయణగూడలో ఆరింటికి ఆటో ఎక్కాం. దుకాణాల షట్టర్లు ఇంకా లేవలేదు.

"ఇంత పొద్దుగాల యాడికన్నా?" అన్నాడు డ్రైవరు.

"పిట్ట పాట వినడానికి."

"పాటకేంది పరేషాన్! నా ఆటోల టేపుంది, జర వినుండ్రి."

చిక్కడపల్లిలో తడి మల్లెల వాసన ఆటోలోకి వచ్చి మాతోపాటే కూర్చుంది. పది నిమిషాల్లో అశోక్‌నగర్‌లో దిగాం. మీటరు మీద ఎనిమిది రూపాయలు.

ఇంటావిడ గేటు తీసింది. మామిడి పిందెల మధ్య నిజంగానే ఆ నీలం. సన్నగా, గాజులు కదిలినట్టు పాడింది. నేను అక్క వైపు తిరిగాను.

"పాడుతున్నదా తమ్మీ?" అంది.

నాకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం పిట్ట గొంతు వణకడం చూస్తోంది. ఉన్నట్టుండి పెదవులు సున్నాలా చుట్టి ఈల వేసింది.

"ఏందమ్మా, ఆడోళ్లు ఈలేస్తరా?" అంది ఇంటావిడ. అదీ అక్కకు వినపడలేదు, లేదా విననట్టు ఊరుకుంది.

పిట్ట కొమ్మ కొమ్మా దిగి దగ్గరికొచ్చింది. మళ్ళీ పాడింది.

"ఏమన్నది?" అక్క నా చెయ్యి పట్టుకుంది.

నాకు వచ్చినట్టు ఆ పాటను అక్కకు వినపడేలా లావు ఈలగా వేశాను. అక్క కళ్ళు మూసుకుంది. "గదే... గదే పాట," అంది. ఇంటావిడ మెట్టు మీద కూర్చుండిపోయి, "ఇంకోపారి వెయ్యి బాబూ," అంది.

ఎండలు ముదిరాక పిట్ట వెళ్ళిపోయింది. కొండల దాకా మేం వెళ్ళనే లేదు. ఇప్పటికీ పొద్దున చాయ్ తాగుతూ ఆ ఈల వేస్తుంటాను. అక్క నా పెదవులు చూసి, "ఆఖర్ల జర పైకి పోవాలె," అని దిద్దుతుంది. ఇలాంటి పిట్ట కోసం బయల్దేరేవాళ్ళు ఎండెక్కకముందే చేరుకోండి. అంతకంటే ముందు ఈల వేయడం నేర్చుకోండి, మీకోసం కాకపోయినా వెంట వచ్చినవాళ్ళ కోసం.