కుడివైపు మలుపు

సుగుణమణి టీచర్‌కు కారు నడపడం బాగానే వచ్చు. భయమల్లా చౌరస్తాలో కుడివైపు తిరిగేటప్పుడు టీకొట్టు దగ్గర బొగ్గుగని షిఫ్టు దిగినవాళ్లంతా తననే చూస్తారని. అందుకే ఒళ్లో దస్తీ పెట్టుకుని, చెమట పట్టిన చేతులు తుడుచుకుంటూ, రోజూ బడి నుంచి చుట్టుదారిలోనే గోదావరిఖనిలోని ఇంటికి వెళ్తుంది. ఆ రోజు తోటి టీచర్ సారిక కారెక్కింది. ఆమె ఎదుట చుట్టుదారి పట్టడానికి సిగ్గేసి చౌరస్తాకే వచ్చింది. వెనక లారీ హారన్ కొట్టగానే స్టీరింగ్ తిప్పలేక నేరుగా పోనిచ్చింది. ఎక్కడా ఆపే ధైర్యం చాలక గోదావరి వంతెన దాకా వచ్చేసింది.

“ఎటు పోతున్నం అక్కా?”

“మంచిర్యాలల చిన్న పనుంది.”

“మంచిగైంది, నేను గూడ చెప్పులు కొనుక్కోవాలె. ఎంత నిమ్మలంగ నడుపుతవక్కా! రేపటి సంది రోజూ నీతోనే వస్త.”

సుగుణమణి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, “రా సారికా,” అంది.