తలా రెండు నిమిషాలు

మదనపల్లెలో మా ప్రాంత కవుల సంకలనం ఆవిష్కరణ. పుంగనూరులో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన గొంతు కదా, సభను నువ్వే నడపమన్నారు. వద్దనడానికి నేనేమైనా పిచ్చివాణ్ణా?

సభ మొదలుకాకముందే ఒకామె వచ్చి పలకరించింది. కుప్పం దగ్గర గుడుపల్లెలో అంగన్‌వాడీ టీచరు. పుస్తకంలో ఆమెదీ ఒక కవిత ఉంది. పక్కన వాళ్లమ్మ.

"మాయమ్మకు సదువు రాదు సార్. నేను రాసింది మైకులో సదివితే ఇందామని వచ్చిండాది. ఐదు గంటల బస్సుకు పోవాల. రోంత ముందు పిలవండి" అంది.

"అదెంత పనమ్మా" అన్నాను.

అతిథుల ప్రసంగాలు అయ్యేసరికి నాలుగు దాటింది. కవులకు తలా రెండు నిమిషాలేనని గట్టిగా చెప్పింది నేనే. నలుగురికీ దారి చూపినట్టుంటుందని మొదట చదివిందీ నేనే. ప్రతి పాదం రెండేసి సార్లు చదివాను. చప్పట్లు పడిన చోట మూడోసారి కూడా. ముఖ్య అతిథి "భేష్" అన్నాడు. ఇంక ఆగుతానా? సంకలనంలో లేనివి ఇంకో రెండు జేబులోంచి తీశాను. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఆ రోజు వడ్డించేవాడే ముందు కూర్చుని తిన్నాడు.

మూడో వరుసలో ఆమె మాటిమాటికీ వాచీ చూసుకుంటోంది. నేను గమనించలేదని తర్వాత అందరికీ చెప్పుకున్నాను. అబద్ధం. చూశాను.

ఐదుకు పది నిమిషాలుందనగా ఆమె లేచింది. గబగబా కిందికి దిగి శాలువా కప్పి, పుస్తకం చేతిలో పెట్టాను. "ఇంటికి పోయి అమ్మకు చదివి వినిపించమ్మా" అని సలహా కూడా ఇచ్చాను, సిగ్గులేకుండా.

వాళ్లమ్మ శాలువా అంచు తడిమి నావైపు చూసింది.

"మా పాప రాసింది బాగలేదా అప్పా? అందుకేనా సదవనీకుండా పంపిస్తాండారు?"

తప్పు నాదమ్మా, టైమంతా నేనే తినేశాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. ముఖ్య అతిథి పక్కనే ఉన్నాడు. "టైము లేదమ్మా" అన్నాను.

"బాగుండాదనే గదమా పుస్తకంలో ఏసినారు. రా, బస్సు పోతాది" అని కూతురు ఆమె చెయ్యి పట్టుకుంది. నావైపు చూడలేదు.

మెట్లు దిగుతూ ఆ తల్లి కూతుర్ని ఓదార్చడం నాకు వినిపించింది.

"పోనీలేమ్మా. ఇంగొక తూరి బాగా రాద్దువులే."

అప్పుడైనా వెనకే పోయి చెప్పి ఉండొచ్చు. నేను వేదిక ఎక్కి తర్వాతి కవిని పిలిచాను.