ఫ్యాను కంప్యూటర్ వైపే

అమలాపురంలో ఇంటర్నెట్ సెంటర్ నడిపిన ఆయన మా ముఖాలకంటే తెర మూలనున్న రెండంకెలనే ఎక్కువ చూసేవారు. కంప్యూటర్ ఎంత కష్టపడుతోందో ఒకటి, ఎంత వేడెక్కిందో ఇంకొకటి చెప్పేది. వేడి పెరిగిందంటే చాలు, మా మీద తిరిగే టేబుల్ ఫ్యాన్ పట్టుకెళ్లి కంప్యూటర్ పెట్టె వైపు తిప్పేసేవారు. మస్కట్‌లో ఉన్న మావారితో మాట్లాడదామని శుక్రవారాలు వెళ్లే నేను చెమటలు కక్కుతూ కూర్చునేదాన్ని.

“కాస్త ఓర్చుకోండమ్మా, దీనికి ఒళ్లు కాలిపోతోందండి,” అనేవారు, పెట్టె మీద అరచెయ్యి వేసి.

ఇంటింటికీ సెల్‌ఫోన్లు వచ్చాక వెళ్లడం మానేశాను. చాన్నాళ్లకు బజారుకొచ్చి లోపలికి తొంగిచూస్తే, ఆయన తప్ప ఒక్క మనిషీ లేడు. కంప్యూటర్లన్నిటిలోనూ సినిమాలు మాత్రం నడుస్తున్నాయి.

“ఎవరికోసమండీ ఇవన్నీ?” అన్నాను.

“ఎవరూ లేరండి. పనేం పెట్టకపోతే అంకె పైకి లేవట్లేదండి. చూడలేకపోతన్నానండి.”

తెర మూల వేడి అంకె మెల్లగా ఎక్కింది. ఆయన లేచి పెట్టె మీద అరచెయ్యి వేశారు. ఫ్యాను మాత్రం తిప్పలేదు. అది ఖాళీ కుర్చీల మీదే తిరుగుతూ ఉంది.