మా బిడ్డ సరిజేసిన కారు

ఆ రోజుల్లో లోకంలో ఏ వస్తువూ సరిగా లేదని, దాని మీద ఇంకా నా చెయ్యి పడకపోవడమే అందుకు కారణమని గట్టిగా నమ్మేదాన్ని. కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి మెకానికల్ ఇంజనీరింగ్ చదివి (క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లను, అదొక కిరీటం), పట్టా పుచ్చుకొని ఆదిలాబాద్‌లో మా ఇంటికి వచ్చి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కాలమది. వచ్చిన వారంలోనే శబ్దం చేస్తోందని ఫ్యాను విప్పి బిగించాను. శబ్దం పోయింది. గాలి మాత్రం పైకి కొట్టడం మొదలుపెట్టింది. "స్లాబుకు ఉక్కపోస్తుందానే?" అని అవ్వ (మావైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం) అడిగింది. తీగలు తారుమారుగా కలిపి ఫ్యానును ఎదురు తిప్పానని తెలుసుకోవడానికి నాకొక పూట పట్టింది.

బాపుకు ఇవేమీ పట్టేవి కావు. ఆయన పత్తి వ్యాపారి. మార్కెట్ యార్డులో ఎవరు కనబడినా పత్తి ధర కంటే ముందు "మా బిడ్డ ఇంజనీరు" అని చెప్పేవాడు. ఆయనకు రెండో బిడ్డలాంటిది ఒక పాత చిన్న కారు. చంద్రపూర్‌లో ఒక వ్యాపారి దగ్గర కొన్నది, గుండ్రటి దీపాలు, మీగడ రంగు. దాని ముందు చక్రాలు రెండూ పైన లోపలికి వాలి, కింద బయటికి జరిగి, బరువెత్తబోయే పహిల్వాను కాళ్లలా ఉండేవి. టైర్లు లోపలి అంచున అరిగి బోడిగుండ్లయ్యాయి. బాపు టైర్లు మారుస్తానన్నాడు. నేను పుస్తకం తెరిచాను. "టైర్లది కాదు బాపు తప్పు. దీన్ని క్యాంబర్ అంటరు. చక్రం ఎంత వాలాలె అనేదానికి ఒక లెక్క ఉంటది. నేను జేస్త" అన్నాను. బాపు ముఖం వెలిగిపోయింది. అవ్వ ముఖం ఫ్యాను వైపు తిరిగింది.

కారును వాకిట్లో బండల మీద నిలబెట్టాం. తాపీమేస్త్రి దగ్గర తూకపుగుండు అడిగి తెచ్చి, చక్రం పైన రేకుకు దారం కట్టి వేలాడదీసి, దారానికీ చక్రానికీ మధ్య దూరం పైనొకసారి, కిందొకసారి కొలిచాను. చక్రాన్ని పట్టుకునే పై చేతికీ, కారు చట్రానికీ మధ్య సన్నటి ఇనుప బిళ్లలు ఉంటాయి. వాటిని మారిస్తే చక్రం వాలు మారుతుంది. కుడి చక్రం కాస్తే వాలింది, ఎడమది మాత్రం బాగా వాలినట్టు తేలింది. ఒకే కారుకు రెండు కాళ్లు రెండు రకాలుగా ఎందుకున్నాయని నాకు అనుమానం రావలసింది. రాలేదు. (పట్టా కొత్తగా ఉన్నప్పుడు అనుమానాలు రావు.) ఒళ్లంతా గ్రీజు పూసుకొని సాయంత్రానికల్లా రెండు చక్రాలనూ దారానికి సమంగా నిలబెట్టాను. బాపు ఒక చుట్టు తిరిగి వచ్చాడు. "ఎట్లున్నది బాపు?" అంటే "మస్తున్నది బిడ్డా, వెన్న లెక్క పోతున్నది" అన్నాడు. ఆ నెలంతా నేను నేల మీద నడవలేదు.

అంతలో మా పక్కింటి మావుషి మనవరాలికి బాసరలో అక్షరాభ్యాసం పెట్టుకున్నారు. మావుషి అంటే మరాఠీలో పిన్ని. ఆ మరాఠీ ఆవిడను వీధంతా అలాగే పిలిచేది. పిల్ల తల్లిదండ్రులు ముందురోజే వెళ్లి అక్కడ ఏర్పాట్లు చూస్తున్నారు. పిల్లను, మావుషిని మన కార్లో తీసుకొస్తానని బాపు మాటిచ్చాడు. "ఫికర్ జెయ్యకు మావుషీ, మా బిడ్డ సరిజేసిన కారు" అన్నాడు. తెల్లవారి బయలుదేరాం. బాపు నడుపుతున్నాడు, నేను పక్కన. వెనక అవ్వ, మావుషి, ఇద్దరి మధ్యా కొత్త పలక పట్టుకొని పిల్ల. నిర్మల్ దాటాక నేను నడుపుతానని పట్టుబట్టాను.

"వద్దు బిడ్డా, ఇది నా చేతికి అలవాటైంది."

"నేను సరిజేసిన కారు నేను నడపొద్దా?"

బాపు దిగి సీటు మార్చుకుంటూ, చాలా మెల్లగా, "స్టీరింగు జర కుడికి వట్టుకో" అన్నాడు. తిన్నటి రోడ్డు మీద కుడికెందుకు పట్టుకోవాలి? పెద్దవాళ్ల చాదస్తం అనుకున్నాను. కొంత దూరం పోయాక చున్నీ సర్దుకుందామని ఒక చెయ్యి తీశాను. అంతే, పిలిచినట్టు కారు ఎడమకు తిరిగి, రోడ్డు దిగి, ఎవరిదో పత్తి చేన్లోకి నిమ్మళంగా నడిచి వెళ్లింది. ముందురోజు వాన పడిన నల్లరేగడి. చక్రాలు సగందాకా దిగబడ్డాయి.

"అరే దేవా! కాయ్ ఝాల? ఏమైంది?" అంది మావుషి. పిల్ల చప్పట్లు కొట్టి "ఇంకోసారి!" అంది.

"బాపు, ఇది ఎడమకు గుంజుతున్నది!"

"జర గుంజుతది బిడ్డా" అన్నాడు బాపు, తప్పు తనదైనట్టు.

వెనక నుంచి అవ్వ ఇక ఆగలేదు. "జరనా? నెలసంది గీయన భుజానికి నూనె రాయలేక సస్తున్న. కుడికి గుంజి గుంజి చెయ్యి లేస్తలేదు. బిడ్డకు చెప్పకు, మనసు నొచ్చుకుంటది అని నా నోరు మూయించిండు."

కిందికి దిగి, బురదలో నిలబడి ఏడుపూ నవ్వూ ఒకేసారి మింగాను. బాపు మాత్రం చేను గలాయనతో పత్తి గురించి మాట కలిపేశాడు. ఆయన పోయి ట్రాక్టరు తెచ్చి గుంజాడు. పోతూపోతూ "ఎవరు జేసిండ్రన్నా రిపేరు?" అని అడిగితే, బాపు నా వైపు చూడకుండా "ఎవరో తియ్" అన్నాడు. జీవితంలో మొదటిసారి నేను ఇంజనీరునని ఆయన చెప్పలేదు. అక్షరాభ్యాసానికి ఆఖరి వరసలో అందుకున్నాం. పిల్ల మోకాళ్ల దాకా బురదతోనే బియ్యంలో 'ఓం' రాసింది.

ఇంటికొచ్చి కారు చుట్టూ ఎంతసేపు తిరిగినా కారణం అంతుబట్టలేదు. చివరికి బాపునే అడిగాను, మన వాకిలి సమంగానే ఉందా అని. "సమంగుంటె నీళ్లెట్ల పోతయి? మోరి దిక్కు నేనే వాటం వెట్టిచ్చిన" అన్నాడు. అంటే కుడివైపు మోరికి వాలి నిలబడ్డ కారుకు నేను నిలువు కొలిచానన్నమాట. సమమైన రోడ్డెక్కగానే రెండు చక్రాలూ ఎడమకే తల వంచి, పక్కింటి మాటలు వింటున్నట్టు నడిచాయి. మరుసటి వారం జిన్నింగు మిల్లులో పత్తి బండ్లు తూచే కాంటా మీద, అది సమంగా ఉందని మూడుసార్లు చూసుకున్నాక, మళ్లీ బిళ్లలు మార్చాను. కారు తిన్నగా నడిచింది. ఆ సాయంత్రమే బాపు యార్డులో చెబుతుంటే విన్నాను: "ఎవలన్న ఒక్కసారి జేస్తరు. మా బిడ్డ రెండుసార్లు జేసింది!"

తర్వాత పాలిటెక్నిక్‌లో ఏళ్ల తరబడి పిల్లలకు ఆ పాఠమే చెప్పి రిటైరయ్యాను. మొన్న కరీంనగర్‌లో నా కారు అలైన్‌మెంటుకు ఇచ్చాను. చక్రాలకు అద్దాలు తగిలించి, కంప్యూటరు ముందు నిలబడ్డ పనాయన నిమిషంలో లెక్కలన్నీ తేల్చేశాడు. నేనూరుకోలేక ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చొని, ఒక కన్ను మూసి చూడటం మొదలుపెట్టాను. "ఏమన్న పడిపోయిందా మేడం?" అన్నాడాయన. ఏం లేదంటూ లేవబోతే మోకాళ్లు మొరాయించాయి. ఆయనే వచ్చి చెయ్యి అందించి లేపాడు. అలైన్‌మెంటు అవసరం కారుకంటే నాకే ఎక్కువని ఆయనకు తోచే ఉంటుంది. మర్యాదస్తుడు, పైకి అనలేదు.