ఎవరిలాగో ఆడిన మనిషి

అమెరికాలోని మోరిస్‌విల్‌లో నా మొదటి ఉద్యోగం రోజుల్లో పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. ఒకప్పుడు బేస్‌బాల్ ఆడారు. ఆట గురించి మాట్లాడుతుంటే, చేతిలో బ్యాట్ ఉన్నట్టే పిడికిళ్లు రెండూ ఒకదానిపై ఒకటి చేరేవి.

కుర్రతనంలో పత్రికలవాళ్లు ఆయన్ని ఒక మహా బ్యాటర్‌తో పోల్చారట. ఆ పోలికకు భయపడి సరిగా ఆడలేకపోయేవారట. ఒకరోజు ఆ మహా బ్యాటరే ప్రాక్టీసు చూడటానికి వచ్చాడట.

"మీతో ఏమన్నాడు?" అని అడిగాను.

"'నన్నూ ఇంకెవరితోనో పోల్చేవాళ్లు. ఆయనలా ఆడబోయి చాలా రోజులు పాడుచేసుకున్నాను' అన్నాడు."

"తర్వాత మీ గేమ్ ఇంప్రూవ్ అయిందా?"

"లేదు. ఆ ఏడాదే టీమ్ నుంచి తీసేశారు," అన్నారు పెద్దాయన నవ్వుతూ. "కానీ ఆఖరి గేమ్‌లో ఒక్క బంతి కొట్టాను చూడు, అది అచ్చంగా నాది."