దిగుడు మలుపు

ఆయన్ని అందరూ 'రేపు మెకానిక్' అంటారు. ఆ పేరు పెట్టింది గిట్టనివాళ్ళు కాదు, ఆయన నోరే. ఏ బండి తీసుకెళ్ళినా ఒకసారి స్టార్ట్ చేసి, చెవి ఒగ్గి విని, "రేపు రండి" అనేవాడు. ఆ రేపు ఎల్లుండయ్యేది, ఎల్లుండి కాస్తా పై వారమయ్యేది. అయినా ఎవరూ ఇంకో షాపు గడప తొక్కేవారు కాదు. ఆయన చెయ్యి పడ్డ ఇంజిన్ మళ్ళీ మూలగదు మరి. తిట్టుకుంటూనే వచ్చేవాళ్ళు, తిట్టుకుంటూనే బల్లమీద కూర్చునేవాళ్ళు.

అందరి బండ్లనూ పరుగెత్తించిన ఈ మహానుభావుడి సొంత బండి మాత్రం, చెప్పుకుంటే సిగ్గుచేటు, కొండెక్కలేకపోయేది. భార్య కొండమీది ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. పొద్దున్నే ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరేవాడు. సగం దారిలో రోడ్డు మోచేయిలా వంగి ఒక్కసారిగా పైకి లేస్తుంది. అక్కడికి రాగానే ఇంజిన్ రొప్పడం మొదలుపెట్టేది. ఆయన వెనక్కి తిరక్కుండానే "దిగు" అనేవాడు. ఆవిడ దిగేది. ఆయన పైదాకా వెళ్ళి ఆగితే, ఆవిడ టిఫిన్ డబ్బా పట్టుకుని ఆయాసపడుతూ నడిచొచ్చేది. పెళ్ళయిన కొత్తలో మొదలైన తంతు అది. వాళ్ళింట్లో ఆ చోటుకి 'దిగుడు మలుపు' అనే పేరు ఖాయమైపోయింది.

ఇంజిన్ సంగతి చూడమని ఆవిడ ఎన్నిసార్లు అడిగినా జవాబు ఒకటే. ఏమిటో మీకు తెలుసు.

ఒకరోజు ఆవిడ అలా ఎక్కుతుండగా ఆసుపత్రి వ్యాను పక్కనుంచి వెళ్ళింది. కిటికీలోంచి ఎవరో "ఇవాళ కూడా వ్యాయామమేనా?" అని నవ్వారు. అంతే, ఆవిడ మొహం ఎర్రబడింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పుల్ని మూలకి విసిరింది.

"వ్యానులో ఒక సీటు ఖాళీగా ఉందిట. ఒకటో తారీకు నుంచి నేను అందులోనే వెళ్తాను. మీ బండినీ మీ రేపునీ మీరే ఊరేగించుకోండి!"

ఆయన గుండెల్లో రాయి పడింది. షాపులో ఉన్నంతసేపూ ఇంజిన్లతో సరిపోయేది, ఇంటికొచ్చాక ఇద్దరికీ కూర్చున్నచోటే కునుకు పట్టేది. రోజు మొత్తంలో ఆ కొండదారే వాళ్ళది. ఆయన భుజం మీద గడ్డం ఆనించి ఆవిడ కబుర్లన్నీ చెప్పేది. సూది చూసి పారిపోయిన వస్తాదు సంగతి కూడా ఆయనకి అక్కడే తెలిసింది. ఆ కబుర్లు వ్యానెక్కిపోతే ఇక ఆయనకి మిగిలేదేముంది? జీవితంలో మొదటిసారి ఆ మనిషి "ఇవాళే" అన్నాడు.

ఆవిడ తమ్ముడిది స్పేర్ పార్టుల దుకాణం. పార్టులమ్మడం కన్నా బావని ఆటపట్టించడమే అతనికి ముఖ్యమైన వ్యాపారం. సంగతంతా విని, అద్దాల బీరువాలోంచి ఒక క్యామూ ఒక పిస్టనూ తీసి బల్లమీద పెట్టాడు.

"రేసుల వాళ్ళు వాడే సరుకు బావా. ఈ క్యామ్ వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. పిస్టన్ నెత్తి చూశావా, ఎంత ఎత్తుందో? పెట్రోలు ఆవిరిని పిప్పి చేసి మరీ మండిస్తుంది. బండి ఎగిరిపోవాల్సిందే!"

"ఎగరక్కర్లేదురా, ఎక్కితే చాలు."

"ఎగిరేది ఎక్కదా బావా?"

ఆ మాటకి బోల్తా పడ్డాడు. ఇంకెవరైనా ఆ సరుకే తెచ్చిస్తే ఓ పూట కూర్చుని క్లాసు పీకేవాడే. కానీ భార్య అలిగితే ఎంతటి మెకానిక్‌కైనా బుర్ర పనిచెయ్యదు. కొత్త పిస్టన్ పట్టేలా లేత్ షాపులో సిలిండర్ బోరు చేయించాడు, రెండూ బిగించాడు, మధ్యాహ్నం ఒక్కడే కొండమీదికి వదిలాడు. అబ్బో, ఏం పోయిందండీ బండి! దిగుడు మలుపు ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు. ఆయన కాళ్ళు నేలమీద ఆనలేదు.

మర్నాడు భార్యని దర్జాగా ఎక్కించుకున్నాడు. మలుపు ఇంకా రానేలేదు, ఇంజిన్ దగ్గింది. ఎంత రేసు చేసినా టకటకలాడి చచ్చి ఊరుకుంది. ఎప్పుడూ దిగే చోటుకన్నా బాగా కిందే దిగాల్సి వచ్చింది ఆవిడ.

"నిన్న ఎక్కిందన్నారుగా?"

"ఎక్కింది. ఒక్కణ్ణే ఉంటే..."

ఆవిడ డబ్బా ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "మరి ఇందులో నాకు చోటెక్కడ పెట్టారు?" అని మెల్లిగా అడిగి నడక సాగించింది. అరిచినా బాగుండేది. మర్నాటి నుంచే వ్యానెక్కేసింది, ఒకటో తారీకుదాకా కూడా ఆగలేదు.

ఆ ప్రశ్న ఆయన్ని ముల్లులా గుచ్చింది. నిజమే కదా! ఆ క్యామ్ బలమంతా ఇంజిన్ జోరుగా తిరుగుతున్నప్పుడే బయటికొస్తుంది. ఒక్కడుంటే ఆ జోరు తగ్గదు. ఇద్దరి బరువుతో ఎత్తు మొదలవగానే జోరు పడిపోతుంది, దాంతోపాటే బలమూ పోతుంది. ఆ ఎత్తు పిస్టనేమో మామూలు పెట్రోలుకి టకటకమంటుంది. ఒంటరివాడి కోసం ఇంజిన్ కట్టి, దానిమీద సంసారం ఎక్కించాడు తను.

మళ్ళీ బావమరిది దగ్గరికి వెళ్ళాడు. "నెమ్మదిగా తిరిగేటప్పుడే లాగే క్యామ్ కావాలిరా. పిస్టన్ నెత్తి చదునుగా ఉండాలి."

"అయితే బరువు తెలియాలిగా. అక్క బరువెంత?"

"నీ అక్కే కదా, నువ్వడుగు."

"నాకింకా బతకాలని ఉంది బావా!"

చివరికి మెకానిక్కే దారి కనిపెట్టాడు. ఆవిడ కూర్చుంటే వెనక షాకబ్జార్బర్ ఎంత కుంగుతుందో ఆయన కంటికి కొట్టినపిండి. గోనెసంచిలో పాత గేర్లు, అరిగిన చెయిన్లు వేసుకుంటూ పోయి, సరిగ్గా అంతే కుంగాక ఆపాడు. సంచిని వెనక సీటుకి కట్టి కొండకి బయలుదేరాడు. ఒక క్యామ్ మలుపు దగ్గర చేతులెత్తేసింది. ఇంకోటి ఎక్కింది గానీ ఏడుస్తూ ఎక్కింది. విప్పడం, బిగించడం, మళ్ళీ సంచితో కొండెక్కడం. షాపుకొచ్చినవాళ్ళకి "రేపు" అని చెప్పడానికి కూడా మనిషి దొరకలేదు.

కొండమీద అందరూ చెవులు కొరుక్కున్నారు. ఆ మాట ఆవిడ చెవిన పడనే పడింది. ఇంటికి రావడం రావడమే నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"నన్ను దించేసి గోనెసంచిని తిప్పుతున్నారటగా! ఎవరండీ ఆవిడ?"

"నువ్వే" అన్నాడు.

"ఏంటీ?"

"ఆ సంచి నువ్వేనే. నువ్వు కూర్చుంటే బండి ఎంత కుంగుతుందో అంత బరువు నింపాను. నువ్వు వెనక లేకపోతే ఆ దారి నాకు దారిలా లేదు. ఇవాళ పెట్టిన క్యామ్‌తో సంచి నవ్వుతూ ఎక్కింది."

ఆవిడ కళ్ళు తడిశాయి. "అంత బరువున్నానా నేను?" అంది కోపం నటిస్తూ. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

పొద్దున వ్యాను హారన్ కొడితే ఆవిడ వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది. బండెక్కి గడ్డం భుజానికి ఆనించింది. ఇన్నాళ్ళూ దాచిన కబుర్లన్నీ ఒకేసారి మొదలుపెట్టింది. వస్తాదు మళ్ళీ వచ్చాడట, ఈసారి వాళ్ళమ్మని తోడు తెచ్చుకున్నాడట. ఆయన పడీపడీ నవ్వాడు. రోడ్డు మోచేయిలా వంగింది. ఎత్తు మొదలైంది. ఇంజిన్ గొంతు కాస్త బరువెక్కిందే గానీ జోరు తగ్గలేదు, లాగుతూనే ఉంది. సరిగ్గా అక్కడ, ఇన్నేళ్ళ అలవాటు కదా, ఆయన నోరు ఊరుకుంటేనా!

"దిగు" అన్నాడు.

అని నాలుక కరుచుకున్నాడు. వెనకనుంచి రెండు చేతులు ఆయన నడుం చుట్టూ గట్టిగా బిగుసుకున్నాయి.

"నేను దిగను. కావాలంటే మీరు దిగండి!"